తుండుగుడ్డ కింద ధర

విరుదునగర్,
ఫిబ్రవరి మొదటి వారం

గాంధిమతి అత్తకి మేనకోడలు కార్తి నమస్కారాలు.

చేరాను. ఫోన్ చేయలేదని కోపం తెచ్చుకోకు. ఇసక్కిసెల్వి అక్క మేడ మీద గది ఇచ్చింది గానీ గోడ ఇవ్వలేదు. మధ్యలో ఉన్నది ప్లైవుడ్ చెక్క. నేనిక్కడ ‘అత్తా’ అంటే అవతల కుట్టుమిషన్ ఆగిపోతుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెల అట్టల వెనక నువ్వు మొట్టికాయలు వేస్తూ నేర్పిన తెలుగు అక్షరాలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి. మన మాట మాట్లాడేవాళ్ళు ఈ వీధి నిండా ఉన్నారు, చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. ఉత్తరం బల్ల మీద పరిచి వెళ్ళినా నా గుట్టుకి ఢోకా లేదు.

ముందు ఒకటి సరిచేస్తున్నా. మండీ యజమాని పాండీశ్వరన్ ముదలాళి నన్ను పనిలో పెట్టుకున్నాడని నువ్వు మన వీధిలో చెప్తున్నావట. పెట్టుకోలేదు. ‘చూద్దాం’ అన్నాడు. మల్లి సీజన్ అయ్యేదాకా ఆయన కమిషన్ మండీలో ఉండి సరుకు చూడటం నేర్చుకోవాలి. నాకు పని సరిపోతే, పనికి నేను సరిపోతే ఉంటాను. లేకపోతే కోవిల్‌పట్టి బస్సు ఎక్కడ ఆగుతుందో నీకు తెలుసు కదా అని ఆయనే నవ్వుతూ అన్నాడు. ఏ వీధి అని కూడా అడిగాడు. చెప్పాను. ‘సరి సరి’ అని అటు తిరిగాడు.

మల్లి అంటే వంటింట్లో చిటికెడు ధనియాలే కదా అనుకుని వచ్చాను అత్తా. ఇక్కడ చూస్తే గోడల్లేని గిడ్డంగి నిండా మూటలు, వాటి మధ్య సందులు, సందుల్లో ముక్కు కాల్చే వాసన. మూటకి పక్క నుంచి ఒక ఇనుప గొట్టం గుచ్చి లాగితే కడుపులో ఉన్న గింజలు చేతిలోకి జారతాయి. పైన మంచివి పోసి లోపల చెత్త కుక్కేవాళ్ళని అదే పట్టిస్తుంది. గింజల్ని అరచేతిలో నలిపి, ఊది, వాసన చూడాలి. వాన తగిలిందా, పచ్చిగా ఉండగానే కోశారా, పోయినేటి సరుకు కలిపారా, అన్నీ వాసనలో ఉంటాయి. దళారి కాళియప్పన్ తాత రెండు రోజులు నా ముఖం వైపు చూడలేదు. మూడోరోజు నా అరచేతిలోంచి ఒక గింజ తీసి కొరికి, ‘ఈ పిల్లకి ముక్కు ఉండాది’ అని స్తంభంతో చెప్పాడు. బి.కాం. పట్టా తీసుకున్న రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఒక్కటి మాత్రం గుచ్చుకుంటోంది. కొనేవాడు వచ్చాక ధర నోటితో చెప్పరు. కాళియప్పన్ తాత భుజం మీది తుండుగుడ్డ తీసి చేతి మీద కప్పుతాడు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ముఖాల్లో ఏమీ ఉండదు, సినిమా టికెట్ల వరసలో నిలబడ్డట్టు నిలబడతారు. బేరం కింద జరిగిపోతుంది. అమ్మే రైతు మగవాడైతే వాడూ చెయ్యి పెట్టి తెలుసుకుంటాడు. తుండుగుడ్డ భుజం దిగేసరికి నన్ను టీ చెప్పి రమ్మంటారు. రోజూ అదే సమయానికి అందరికీ టీ దాహం వేస్తుంది.

నాన్న శివకాశి టపాసుల ఫ్యాక్టరీ వ్యాన్‌లో నా పేరున సీటు చెప్పి ఉంచాడని అమ్మ చెప్పింది. ఏప్రిల్‌లో చిత్రై నెల పుట్టేదాకా డ్రైవర్ ఆగుతాడట. ఆ కిటికీ పక్క సీటు నాకు కలలో కూడా కనిపిస్తోంది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఒక పని మనకి సరిపోతుందని ఎలా తెలుస్తుంది అత్తా? చెప్పులైతే వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తాం.

కార్తి

&nbsp;

కోవిల్‌పట్టి,
ఫిబ్రవరి నడిమి

కార్తీ,

చెప్పులన్నావు గనక చెప్తా, కూర్చుని చదువు.

మీ ముత్తాత ఊరంతటికీ చెప్పులు కుట్టాడు. కుట్టిన జత వేసుకుని పెద్దవీధిలో నాలుగడుగులు నడిచి చూసే వీలు మాత్రం ఆయనకి లేదు. ఆ వీధి మొదట్లో విప్పి చంకలో పెట్టుకోవాలి. కొలత సరిపోయిందో లేదో వేసుకున్నవాడు చెప్పాలి, కుట్టినవాడు తల వంచుకుని వినాలి. మన ఇళ్ళలో ‘చూసి వదిలేయడం’ అనే మాటే ఎందుకు లేదో ఇప్పుడైనా అర్థమైందా? డబ్బున్నవాడి కొడుకు ఏడాది ఇంజనీరింగ్ చదివి, నచ్చలేదని ఫొటోలు తీసి, అదీ నచ్చలేదని హోటల్ పెడితే, ‘అబ్బాయి తనని తాను వెతుక్కుంటున్నాడు’ అంటారు. మన పిల్ల ఒక పని విడిచి ఇంకోటి పడితే ‘నిలకడ లేదు’ అంటారు. వాళ్ళది వెతుకులాట, మనది తిరుగుబోతుతనమా? నిన్న మీ నాన్నతో ఇదే గొడవ. మారిముత్తు ఏమన్నాడో తెలుసా? ‘చూస్తా చూస్తా అంటుండాది అక్కా. చూసేదే దానికి పని అయిపోయినాది’ అన్నాడు. వాడు నా తమ్ముడు గనక ఊరుకున్నా. ఊరుకోలేదులే, అరిచాను. వాడు అన్నం సగంలో లేచిపోయాడు. తర్వాత నాకే తినబుద్ధి కాలేదు.

నేను అగ్గిపెట్టెల కంపెనీలో కూర్చున్నప్పుడు నా కాళ్ళు నేలకి ఆనేవి కావు. ఈ పని నీకు సరిపోతుందా అని నన్నెవరడిగారు? పని నన్ను తనకి సరిపోయేట్టు కోసుకుంది. నా వేళ్ళు చూడు. అందుకే చెప్తున్నా: నువ్వక్కడ చేస్తున్నది చిన్న సంగతి కాదు. మనవాళ్ళలో మొదటిసారి ఒకతి పనిని పరీక్షిస్తోంది. ముదలాళి నిన్ను పరీక్షిస్తున్నాడని అనుకోకు, నువ్వే వాణ్ణి పరీక్షిస్తున్నావు.

ఇక తుండుగుడ్డ. టీ తెమ్మంటే తేవా? తెస్తావు, మంచి పిల్లవి కదా. సిగ్గు లేదూ? మీ తాత, మా నాన్న, ఎట్టయపురం సంతకి తోళ్ళు మోసుకెళ్ళేవాడు. అక్కడా ఇదే వేళ్ళ బేరం. ఆయన చెయ్యి మాత్రం ఎవడూ పట్టుకోలేదు. తోలు మీద చెయ్యి వేస్తారు, తోలు ఒలిచిన చేతి మీద వేయరు. దూరం నుంచే ధర చెప్పి పారేసేవాళ్ళు. ఆయన చూసి చూసి వేళ్ళ లెక్క నేర్చుకుని, ఇంటికొచ్చి నా లంగా చెరగు కింద నాతో ఆడేవాడు. ఒక వేలు పడితే ఒకటి, అరచెయ్యంతా పడితే ఐదు, అరచేతిలో గోరుతో గీస్తే అర. ఆయన జీవితంలో తుండుగుడ్డ కింద పట్టుకున్నది నా చెయ్యొక్కటే.

నిన్ను పంపేసేది ఆడపిల్లవనీ, ఫలానా వీధిదానివనీ. ఒకటి పైకి చెప్తారు, రెండోది చెప్పరు. రెంటికీ జవాబు ఒకటే. తుండుగుడ్డ దిగగానే టీకి పోకు. చెయ్యి పెట్టు. అడగొద్దు, పెట్టు.

మీ అత్త
గాంధిమతి

&nbsp;

విరుదునగర్,
మార్చి

అత్తా,

చెయ్యి పెట్టాను.

నేను తెగించి పెట్టింది కాదు. ముదలాళే పిలిచాడు. కళుగుమలై వైపు నుంచి ఈసారి సరుకు తెచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువట, మగవాళ్ళు తిరుప్పూర్ పనులకి పోయారట. ‘ఆడవాళ్ళ సరుకు నువ్వు చూసుకో. నీ భాషే వాళ్ళదీ’ అన్నాడు. కాళియప్పన్ తాత తుండుగుడ్డ తీసి, కాసేపు పట్టుకుని, నా చేతి మీద కప్పాడు. కొనడానికి వచ్చినవాడు బయటి ఊరివాడు. ముదలాళి వైపు చూశాడు. ముదలాళి తల ఊపాడు. అప్పుడు పట్టుకున్నాడు. చెమట చెయ్యి. లెక్క నువ్వు రాసినట్టే ఉంది, నాకు అంతా అందింది.

మొదటి మూటలు సీనియమ్మాళ్ అనే ఆవిడవి. అమ్మ కంటే పెద్దది. తలకి చుట్టిన గుడ్డ విప్పకుండానే నా పక్కన కూర్చుంది. ‘నువ్వు మనోళ్ళ బిడ్డవా పాపా? అయితే సరి. నువ్వు చెప్పితే నాకు సరి’ అంది.

అంతే. తల నొప్పిగా ఉంది. నాన్నతో గొడవ పడకు.

కార్తి

&nbsp;

కోవిల్‌పట్టి,
మార్చి

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే మన ఆడవాళ్ళ సంఘం కూడింది. చదివి వినిపించాను. అందరికీ కాదులే, చెయ్యి పెట్టిన ముక్క వరకు. అంగమ్మాళ్ అయితే తన చెయ్యి తను చూసుకుంటూ ఉండిపోయింది. మన సంఘం పత్రికకి కూడా రాసి పంపాను. నీ పేరు వేయలేదు, ‘కోవిల్‌పట్టి అమ్మాయి’ అన్నాను. మా నాన్న పేరు మాత్రం వేశాను. ఆయన పట్టుకోలేకపోయిన చేతిని ఆయన మనవరాలు పట్టుకుంది! రాస్తుంటే కలం ఆగలేదు. మీ నాన్నకి చదివి వినిపించబోతే తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. పోనీ.

నీకు పల్లీల కడలై మిఠాయి పంపుతున్నా, బస్సులో వచ్చే మన వీధి సరణ్య చేత. బెల్లం గట్టిగా ఉన్నది. నీకు అదే ఇష్టం.

ఒక్క మాట. ఆ మొదటి ఉత్తరంలో మల్లి వాసన నా ఇంటి దాకా వచ్చింది. ఇందులో రాలేదు. గెలిచినవాళ్ళు ఇంత పొట్టిగా రాస్తారా? ఏమైంది? తలనొప్పి అనకు. మన వంశంలో ఎవరికీ తలనొప్పి రాదు, ఇతరులకి తెప్పిస్తాం.

గాంధిమతి

&nbsp;

విరుదునగర్,
మార్చి ఆఖరు

అత్తా,

మిఠాయి అందింది. పత్రిక కూడా అందింది. ఇంకోసారి నన్ను అడక్కుండా నా చేతిని నీ సభలో ఎత్తి చూపించకు. నేను నీ తమ్ముడి కూతుర్ని, నీ నినాదాన్ని కాదు. రాసేశాను, కొట్టేయను.

ఇప్పుడు ఏమైందో విను. ఆ రోజు తుండుగుడ్డ కింద ఆ బయటి ఊరివాడు నాకొక ధర ఇచ్చాడు. నేను ముదలాళి చెవిలో చెప్పాను. ముదలాళి సీనియమ్మాళ్ వైపు తిరిగి ఇంకో ధర చెప్పాడు. తక్కువది. నేను పొరపాటుగా విన్నానేమో అనుకున్నా. ఆవిడ నా వైపు చూసి, ‘అంతేనా పాపా?’ అని మన మాటలో అడిగింది. ముదలాళి కూడా నా వైపే చూశాడు. నేను అంతే అన్నాను.

కొనేవాడు ఇచ్చేది ఒకటి, అమ్మినావిడకి అందేది ఒకటి, మధ్యది మండీలో ఆగిపోతుంది. మగవాళ్ళ దగ్గర ఇది సాగదు, వాళ్ళు చెయ్యి పెట్టి తెలుసుకుంటారు. ఆడవాళ్ళు పెట్టరు. ఇన్నాళ్ళూ వాళ్ళకి కొంచెం అనుమానం ఉండేది, సణిగేవాళ్ళు, ఒక్కోసారి మూట దించకుండా పక్క మండీకి పోయేవాళ్ళు. ఇప్పుడు సణగడం లేదు. ఎందుకంటే నేనున్నాను. మనోళ్ళ బిడ్డని. నన్ను తుండుగుడ్డ కిందకి రానిచ్చింది అందుకు అత్తా. హక్కు అనుకుని నువ్వు మిఠాయి పంచావు. వాళ్ళకి నేను మూతి కుట్టే దారం.

ఆ తర్వాత ప్రతి సంత రోజూ అదే. నా ముక్కు నిజం చెప్తోంది, చెయ్యి నిజం తెలుసుకుంటోంది, నోరు అబద్ధం ఆడుతోంది.

నువ్వేమంటావో నాకు తెలుసు. ఆడవాళ్ళందరూ చెయ్యి పెట్టాలి, వేళ్ళ లెక్క అందరికీ నేర్పు అంటావు. అసలు ఆ గుడ్డ ఎందుకని నేనంటాను. చూపించడానికి సిగ్గు లేని బేరమైతే దానికి దుప్పటి ఎందుకు? తాత చెయ్యి ఎవరూ పట్టుకోలేదని నువ్వు ఏడ్చావు. నీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ తాత చెయ్యి ఆ గుడ్డ కిందకి వెళ్ళి ఉంటే మాత్రం ఏం చేసేది? ఇంకొకడి కన్ను కప్పేది. అంతేగా?

ఇంత చెప్పీ ఇంకోటి చెప్పాలి, తిట్టకు. ఈ పని నాకు సరిపోయింది అత్తా. నిద్ర లేవగానే కాళ్ళు మండీ వైపే పరుగెడతాయి. గుప్పెడు గింజలు చూసి ఏ నేలలో పండిందో చెప్పగలుగుతున్నాను. నల్లరేగడి మల్లికి ఒక ఘాటుంటుంది, ఎర్రనేల మల్లికి అది రాదు. ముదలాళి ‘సీజన్ తర్వాత ఉండిపో’ అన్నాడు. జీతం కూడా చెప్పాడు. నాకు సరిపోయిన పని ఇలా దొరికింది, ఏం చేయను? వచ్చే సంతకి సీనియమ్మాళ్ మిగతా మూటలు తెస్తానంది. ఆవిడ మళ్ళీ ‘అంతేనా పాపా’ అంటుంది.

కార్తి

&nbsp;

కోవిల్‌పట్టి,
ఏప్రిల్, పంగుని నెల చివర

కార్తీ,

నీ ఉత్తరం చదివి నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిది పాండీశ్వరన్‌కి. అది పోస్టు చేసి ఉంటే వాడి మండీ గోడకి అంటించి ఉండేవాళ్ళు, అంత బాగా వచ్చింది. చింపేశాను. మిగతా మూడు నీకు. అవీ చింపేశాను. ఇది ఐదోది. రాసేది నాకే నచ్చడం లేదు, అయినా రాస్తున్నా.

ఊరుకో.

అవును, నేనే అంటున్నాను. సీజన్ అయ్యేదాకా ఊరుకో. ఉద్యోగం చేతికొచ్చాక, నాలుగు మండీలు నిన్నెరిగాక, అప్పుడు అరువు, నేనొచ్చి పక్కన నిలబడి అరుస్తా. ఇప్పుడు అరిస్తే ఏమవుతుంది? ఆ పొద్దే నిన్ను బయటికి పంపేస్తారు. తుండుగుడ్డ తీసేస్తారా? తీయరు. ఇంకో పిల్లని తెస్తారు. చిత్రై పుడుతోంది. మీ నాన్న నిన్న వ్యాన్ డ్రైవర్ గోకులకృష్ణన్‌ని ఇంటికి పిలిచి టీ ఇచ్చాడు. ఆ వ్యాన్ పోయేది ఎక్కడికో నీకు నేను చెప్పాలా? మందు కలిపే గదుల్లోకి. మన వీధిలో గోడలకి తగిలించిన ఫొటోల్లో పూలదండలున్నవి ఎన్నో నువ్వే చూశావు. నేను ముప్పై ఏళ్ళుగా ‘నోరు తెరవండి’ అని అందరి పిల్లలకీ చెప్పాను. వాళ్ళలో నోరు తెరిచి పని పోగొట్టుకున్నవాళ్ళు వ్యాన్ ఎక్కారు. అప్పుడు నేను పత్రికలో వ్యాసం రాశాను. ఇప్పుడు ఆ సీటు నీది.

దుప్పటి ఎందుకని అడిగావు. మంచి ప్రశ్న. దాని మీద నీతో పోట్లాడతాను, వదలను. తలుపులు మూసిన ఇంట్లో మనకి ముందు చోటు కావాలి, తలుపులు ఆ తర్వాత తీద్దాం అని నా వాదన. చోటు దొరికాక తలుపు తీసినవాళ్ళని నువ్వు ఎంతమందిని చూశావని నువ్వంటావు. నేను తక్కువ మందినే చూశాను. అయినా నా వాదన మార్చుకోను.

సీనియమ్మాళ్‌కి తక్కువ అందింది, నిజమే. ఆవిడ బతుకుతుంది. ఇది రాసిన చేతిని నరకాలనిపిస్తోంది. కానీ కొట్టేయడం లేదు, నీలాగే.

ఊరుకో తల్లీ. ఒక్క సంత.

గాంధిమతి

&nbsp;

విరుదునగర్,
చిత్రై మొదటి వారం

అత్తా,

నీ ఉత్తరం సంత ముందు రోజే అందింది. చదివాను. ఊరుకుందామనే మండీకి వెళ్ళాను, నమ్ము. దారంతా అదే మాట చెప్పుకుంటూ వెళ్ళాను.

సీనియమ్మాళ్ వచ్చింది. సరుకు మొదటిదాని కంటే బాగుంది. గొట్టం గుచ్చి లాగాను, నలిపాను, ఊదాను. పచ్చదనం చెడలేదు, చీలిన గింజ లేదు. నేను ‘మొదటి రకం’ అన్నాను, కాళియప్పన్ తాత కూడా కాదనలేదు. కొనేవాడు మళ్ళీ ఆ బయటి ఊరివాడే. తుండుగుడ్డ కప్పారు. ఈసారి వాడు ముదలాళి వైపు చూడకుండానే నా చెయ్యి పట్టుకున్నాడు, నేను వాళ్ళ మనిషినైపోయాను కదా. ధర చెప్పాడు. నేను అరచేతిలో గీశాను. ఇంకొంచెం ఎక్కాడు. ఖాయమైంది. ముదలాళి చెవి నా వైపు వంచాడు.

అప్పుడే ఆవిడ అడిగేసింది, ధర ఇంకా చెప్పకముందే. ‘ఎంతైనా సరి పాపా, నువ్వు చెప్పితే సరి’ అని.

నాకు కోపం వచ్చింది అత్తా. ముదలాళి మీద కాదు, ఆవిడ మీద. నన్నెందుకు నమ్ముతుంది? మన మాట మాట్లాడితే చాలా? ఆ కోపంలో నోరు తెరుచుకుంది. ధర గట్టిగా చెప్పాను. మన మాటలో ఒకసారి, అరవంలో ఒకసారి. అవతలి మండీలో తూకం వేసేవాడు ఆగి చూశాడు. కొనేవాడు చెయ్యి లాక్కోబోయాడు. గుడ్డ కింద వాడి వేళ్ళు ఇంకా నా పిడికిట్లోనే ఉన్నాయి. నేను వదల్లేదు. ఎందుకు వదల్లేదో నాకే తెలీదు. గుడ్డ జారి కింద పడిపోయింది. ఆడదాని చేతిలో తన చెయ్యి అందరికీ కనపడేట్టు ఉండటం వాడికి ధర బయటపడటం కంటే ఎక్కువ సిగ్గైంది. మూడోసారి కూడా చెప్పి అప్పుడు వదిలాను.

నువ్వు చప్పట్లు కొట్టే లోపు మిగతాది విను. బేరం చెడిపోయింది. వాడు వెళ్ళిపోయాడు. సీనియమ్మాళ్ నన్ను మెచ్చుకోలేదు. మూటల మధ్య నిలబడి అందరి ముందు కడిగేసింది.

‘నాకు న్యాయం ఏంటికి పాపా? మూటలు మళ్ళా బస్సుకి ఎక్కియ్యల్ల నేను. నీ న్యాయం వచ్చి ఇంట్లో దించతాదా? ఆ పొద్దు కూడా నీకు తెలిసినాది కదా, అప్పుడేంటికి చెప్పలే?’

మూటలు బండికి ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. ఆవిడ వద్దనలేదు.

ముదలాళి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నన్ను కూర్చోబెట్టి, ‘నీకు మంచి ముక్కుంది. నోరు కూడా ఉంది. ఈ వ్యాపారానికి ముక్కు చాలు’ అన్నాడు. అంటే, పనికి నేను సరిపోలేదు. ఇన్ని నెలల పరీక్షకి ఫలితం అదీ. కాళియప్పన్ తాత కింద పడ్డ తుండుగుడ్డ తీసి, దులిపి, భుజాన వేసుకుని, నాకు టీ తెప్పించాడు. ఈసారి నిజంగా నాకే.

నాలుగు రోజులు గదిలోంచి కదల్లేదు. బ్యాగు సర్దాను, తీశాను, మళ్ళీ సర్దాను. ఐదోరోజు ఇసక్కిసెల్వి అక్క కింద నుంచి పిలిచింది. సీనియమ్మాళ్, వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఆవిడ మూటల్ని వేరే మండీలో దించి, ‘ఇది మొదటి రకం, ధర నోటితో చెప్పు’ అని పట్టుబట్టిందట. వాళ్ళు నవ్వారట. సగం రోజు కూర్చోబెట్టారట. చివరికి చెప్పారట. నేను అరిచినంత ధర రాలేదు, ముందుసారి కంటే మెరుగు. నవ్వుతూ చెప్పలేదు ఆవిడ, ఇంకా కోపంగానే ఉంది. ‘సరుకు ఏ రకమో తెలిసి పోతే నిలబడి అడగొచ్చు. తెలియకుండా పోతే ఇచ్చింది తీసుకోవల్ల. మా కళ్ళాలకి వచ్చి చూసి చెప్తావా? కూలి మల్లిగానే ఇస్తాం’ అంది.

వెళ్దామనుకుంటున్నాను అత్తా. మూటలు మండీకి పోకముందే కళ్ళంలోనే చూసి, రకం చెప్పడం. ఈ పనికి పేరు లేదు. ఇంతకుముందు ఎవరూ చేసినట్టు లేరు. మల్లి అయిపోతే మిరప, ఆ తర్వాత ఏమీ ఉండకపోవచ్చు. నాకు సరిపోతుందో లేదో తెలీదు, చూడాలి. నాన్నతో ఈ ‘చూడాలి’ అనే మాట నువ్వు ఎలా చెప్తావో నాకు తెలీదు. వ్యాన్ ఎప్పుడొస్తుంది?

కార్తి

&nbsp;

కోవిల్‌పట్టి,
చిత్రై

కార్తీ,

ముందు తిట్టాలి. ఊరుకో అంటే ఊరుకోలేదు. పెద్దదాన్ని, అనుభవంతో చెప్పాను. నువ్వు చేసింది తొందరపాటు. నాలుగు మండీలు కలిపి ఎత్తాల్సిన గుడ్డని ఒక్కదానివే లాగావు, అది మళ్ళీ ఆ ముసలాడి భుజం మీదికే చేరింది. ఈ మాట మీద నేను నిలబడతాను. నువ్వొచ్చాక రోజంతా పోట్లాడదాం.

ఇప్పుడు వ్యాన్ సంగతి.

నీ ఉత్తరం అందిన పొద్దు మీ నాన్న గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. సభకి చదివినట్టు చదవలేదు, నా మటుకు నేను చదువుకుంటున్నా. వాడే ‘ఏం రాసినాది?’ అన్నాడు. నీ ఉద్యోగం పోయిందన్నాను. తల ఊపాడు, ముందే తెలిసినట్టు. సరే, వీడికి మిగతాది ఎందుకులే అనుకుంటూనే చదివాను. కొనేవాడు చెయ్యి లాక్కోబోయిన దగ్గర కత్తి ఆపాడు.

‘ఎవురు, మన కార్తినా? వాడు లాగినాడా?’

లాగాడు అన్నాను.

‘ఇది వదల్లేదా?’

వదల్లేదు. మూడోసారి చెప్పేదాకా వదల్లేదు.

‘ఇంకోసారి చదువు’ అన్నాడు. చదివాను. సగం ముఖానికి సబ్బు అలాగే ఆరిపోయింది. తర్వాత తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మా నాన్న సంత నుంచి వచ్చిన రాత్రుళ్ళు నాతో ఆడినట్టు వాడితో ఎప్పుడూ ఆడలేదు, వాడప్పటికి చిన్నవాడు. వేళ్ళ లెక్క నేను నేర్పుతానని అనబోయాను.

మర్నాడు వ్యాన్ మన వీధి చివర ఆగి హారన్ కొట్టింది. నేను యుద్ధానికి సిద్ధంగా ఉన్నాను, వాదనలన్నీ వరసలో పెట్టుకుని. మారిముత్తు నా కంటే ముందు చెప్పులు తొడుక్కుని వెళ్ళాడు. కిటికీ దగ్గర నిలబడి, ‘అది రాదు. సీటు పెట్టుకోవద్దు’ అన్నాడు. గోకులకృష్ణన్ ఏదో అడిగాడు. ‘వేరే పని చూస్తుండాది’ అని చెప్పి, వెనక్కి తిరిగి, నా పక్క నుంచి పోతూ ‘నీ మాట విని కాదు’ అన్నాడు. నా వాదనలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. అవి వృథా అయ్యాయని నాకు ఎంత చిరాగ్గా ఉందో చెప్పలేను.

ఆ సీటు మాత్రం ఖాళీగా పోలేదు. అంగమ్మాళ్ కూతురు ఎక్కింది. పొద్దుటి నుంచీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. నీ సీటు ఖాళీ అయితే గెలిచామని సంబరపడటానికి నేను ఇంకా అంత ముసలిదాన్ని కాలేదు. సాయంత్రం వాళ్ళింటికి పోతున్నా. ఆ పిల్ల కూడా ఏదైనా చూడాలి కదా, చూసి వదిలేయాలి కదా. ఏం చూస్తుందో, ఎక్కడ చూస్తుందో నాకు తెలీదు. నీ కళ్ళాల్లో ఇంకో ముక్కుకి చోటుందా?

కళుగుమలై వెళ్ళే ముందు ఇంటికి రా. మన వీధి కొట్లో కొన్న ధనియాలు చిటికెడు ఈ కవర్లో వేస్తున్నా. కొట్టువాడు మొదటి రకం అంటున్నాడు, నాకు నమ్మకం లేదు. ఏ రకమో జవాబులో రాయకు. వచ్చి, వాడి కొట్టు ముందు నిలబడి చెప్పు. మీ నాన్న గుమ్మంలో కూర్చుని ఉంటాడు, అక్కడికి వినపడాలి.

గాంధిమతి